పెంపుడు నేస్తాలు – పాఠకుల ప్రశ్నలు: వయసు మీరిన గినీ పిగ్‌కు కడుపు చెడితే

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది అమలాపురం దగ్గర ఒక పల్లె. పిల్లలు ముచ్చటపడితే తెచ్చిన మగ గినీ పిగ్ మా ఇంట్లో ఉంది. బుజ్జి అని పిలుచుకుంటాము. వచ్చే ఉగాదికి దానికి ఆరేళ్ళు నిండుతాయి. రెండు వారాలుగా దాని పెంటికలు విడివిడిగా రావడం లేదు. మెత్తగా ముద్దకట్టి వెనుక భాగాన అంటుకుపోతున్నాయి, చెడు వాసన కూడా వస్తోంది. తౌడు, అన్నం, క్యాబేజీ ఆకులు, అప్పుడప్పుడు ఒక కొబ్బరి ముక్క పెడుతున్నాము. వరిగడ్డి వేస్తే ఇదివరకు కొంచెం కొరికేది, ఇప్పుడు ముట్టడం లేదు. మెత్తటివి మాత్రం తింటోంది. వాము నీళ్ళు, మజ్జిగ పట్టించినా గుణం కనిపించలేదు. మందుల షాపులో అడిగితే చిన్నపిల్లలకు వాడే అమాక్సిసిల్లిన్ సిరప్ ఇచ్చి, రోజుకు నాలుగు చుక్కలు వేయమన్నారు. వేయవచ్చునా? ముసలితనం వల్ల వచ్చినదే అనుకుని ఊరుకోవాలా? – ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: అమ్మా, ఆ సీసా మూత తీయకముందే మీరు మాకు ఉత్తరం రాయడం ఎంతో మంచిదయింది. ఉత్తరం అందిన రోజునే, ఆ మందు ఒక్క చుక్క కూడా వేయవద్దని మీకు ఫోనులో చెప్పించాను. ఇదే పొరపాటు ఇంకెవరూ చేయకుండా కారణం ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

గినీ పిగ్ కడుపు మన కడుపు లాంటిది కాదు. అది తిన్న గడ్డి చాలావరకు పొట్టలో అరగదు. చిన్నపేగు దాటి, పెద్దపేగు మొదట్లో పెద్ద సంచిలా ఉండే సీకం అనే భాగంలోకి చేరి, అక్కడ కోట్లాది సూక్ష్మజీవుల చేత పులిసి, ఆ తరువాతనే జంతువుకు ఒంటబడుతుంది. ఆవు పొట్టలో జరిగే పనే దీనికి పేగు చివరి భాగంలో జరుగుతుందని అనుకోండి. అమాక్సిసిల్లిన్, యాంపిసిల్లిన్, పెన్సిలిన్ జాతి మందులు, క్లిండామైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్ వంటివి నోటి ద్వారా ఇస్తే ఆ మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. ఖాళీ అయిన చోట క్లాస్ట్రిడియం జాతి క్రిములు పెరిగి విషాన్ని వదులుతాయి. మనుషుల పిల్లలకు ప్రాణం నిలబెట్టే మందు ఈ చిన్న ప్రాణిని కొద్ది రోజుల్లోనే తీసుకుపోతుంది.

నేను ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళలో ఒక తండ్రీ కొడుకూ వెదురు బుట్టలో, పాత లుంగీ ముక్క పరిచి, ఒక తెల్ల గినీ పిగ్‌ను తెచ్చారు. కాలి గాయం మానడానికి అటువంటి సిరప్ మూడు రోజులు పోశారట. గాయం నిజంగానే ఆరుతోంది. కానీ లుంగీ ముక్క అంతా నీళ్ళ విరేచనంతో తడిసి ఉంది, చెవులు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. చర్మం కింద సెలైను ఎక్కించి, వెచ్చగా ఉంచి, చేతనైనదంతా చేశాను. తెల్లవారేసరికి అది బతకలేదు. ఆ పిల్లవాడు ఖాళీ బుట్టను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని వెళ్ళడం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. అందుకే ఈ ఒక్క మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు తృప్తి కలగదు: గినీ పిగ్‌కు యాంటీబయాటిక్ ఇవ్వవలసి వస్తే అది ఏదో, ఎంతో పశువైద్యుడే నిర్ణయించాలి. మనుషులకు విరేచనాలు కట్టడానికి వాడే మాత్రలు కూడా దీనికి వేయకూడదు. కదలవలసిన పేగును అవి కట్టిపడేస్తాయి.

ఇక మీ రెండవ ప్రశ్న. గినీ పిగ్ సాధారణంగా ఐదు నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతుంది కనుక మీ బుజ్జి వయసు మీరినదే. అయితే వయసు దానంతట అది పెంటికలను మెత్తబరచదు. వయసుతో పాటు నోటిలోనో, వెనుక కండరాల్లోనో, మూత్రాశయంలోనో ఏదో ఒక మార్పు వస్తుంది, దాని ఫలితం మనకు పెంటికల్లో కనిపిస్తుంది. మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన వాక్యం మీరు మామూలుగా రాసిన వాక్యమే: వరిగడ్డి ముట్టడం లేదు, మెత్తటివి తింటోంది. ఆకలి ఉండి, నమలవలసిన దానిని వదిలేస్తోందంటే నా అనుమానం మొదట పళ్ళ మీదికే పోతుంది.

గినీ పిగ్‌కు మొత్తం 20 పళ్ళు ఉంటాయి. అవన్నీ బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, గడ్డిని గంటల తరబడి నమలడం వల్లనే అరుగుతాయి. తౌడు, అన్నం వంటి మెత్తటి తిండితో ఏళ్ళు గడిస్తే దవడ పళ్ళు అరగక, కింది పళ్ళు లోపలికి ఒరిగి, నాలుక మీద రెండు వైపుల నుంచి పందిరి వేసినట్లు పెరుగుతాయి. పై పళ్ళ మొనలు బుగ్గల్లో గుచ్చుకుంటాయి. బయటికి కనిపించే ముందు పళ్ళు చక్కగానే ఉండవచ్చు. కనుక పెదవి ఎత్తి చూసి, పళ్ళు బాగానే ఉన్నాయని అనుకోవద్దు. చెవులు పరీక్షించే లైటు వంటి సాధనంతో నోటి లోపలికి చూస్తే గాని దవడ పళ్ళ సంగతి తెలియదు. గడ్డం తడిగా ఉండడం, నోట్లో పెట్టుకున్న ముక్క జారిపోవడం, తినడానికి ఆత్రంగా వచ్చి వెనక్కి తగ్గడం ఈ జబ్బుకు ఆనవాళ్ళు. ఆ పళ్ళను మత్తు ఇచ్చి, అరగదీసే యంత్రంతో సరిచేయాలి. గోళ్ళు తీసే కత్తెరతో ఇంట్లో కత్తిరించడానికి ప్రయత్నిస్తే పన్ను నిలువుగా చీలుతుంది.

ముసలి మగవాటికి మరొక ఇబ్బంది ఉంది. ఇది మీ బుజ్జికి కూడా ఉండవచ్చు. గినీ పిగ్ రెండు రకాల పెంటికలు వేస్తుంది. గట్టివి నేల మీద వదిలేస్తుంది. సీకం నుంచి వచ్చే మెత్తటి వాటిని ఆసనం దగ్గరే నోటితో అందుకుని తిరిగి తింటుంది. చూడడానికి అసహ్యంగా అనిపించినా విటమిన్లు, మాంసకృత్తులు దానికి ఆ దారిలోనే అందుతాయి కనుక ఆపకూడదు. వయసు మీరిన మగవాటిలో ఆ భాగపు కండరాలు సడలి, మెత్తటి పెంటికలు అక్కడి చర్మపు సంచిలోనే ఉండిపోయి, ముద్దకట్టి, కుళ్ళు వాసన వేస్తాయి. దానిని విరేచనం అనుకుని మందులు పోయడం చాలా ఇళ్ళలో చూశాను. నేల మీద గట్టి పెంటికలు కూడా పడుతున్నాయా, ముద్ద ఒక్క చోటనే ఉందా అన్నది గమనించండి. అలా ఉన్నట్లయితే గోరువెచ్చని నీటితో తడిపి, కొద్దిగా లిక్విడ్ పారాఫిన్ రాసి, వేళ్ళతో మెల్లగా నొక్కుతూ ముద్దను బయటికి తీసి, తుడిచి పూర్తిగా ఆరబెట్టాలి. మొదటిసారి వైద్యుడి దగ్గర చూసి నేర్చుకోండి. కొన్నిటికి రోజూ, కొన్నిటికి రెండు రోజులకొకసారి ఈ సేవ చివరిదాకా చేయవలసి ఉంటుంది. ఈ ముసురు రోజుల్లో తడిసిన వెనుక భాగం మీద ఈగలు వాలి పురుగు పడే ప్రమాదం ఉంది కనుక ఒక్క రోజు కూడా వాయిదా వేయకండి.

ఈ రెండూ కాక పేగు పురుగులు, కాక్సిడియా వంటి పరాన్నజీవులు, మూత్రాశయంలో రాళ్ళు, ఆడవాటిలో అయితే అండాశయపు నీటి తిత్తులు కూడా తిండిని, కడుపును దెబ్బ తీస్తాయి. వైద్యుడి దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ ఉదయం వేసిన పెంటికలను మూత ఉన్న చిన్న డబ్బాలో పట్టుకెళ్ళండి. మనకు కూడా సోకగల సాల్మొనెల్లా వంటి క్రిములు వాటిలో ఉండవచ్చు కాబట్టి పంజరం శుభ్రం చేసిన ప్రతిసారీ పిల్లల చేత, మీరు కూడా, సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

తిండి సంగతికి వస్తాను. తౌడు, అన్నం, కొబ్బరి, మజ్జిగ ఈ రోజు నుంచే మానేయండి. పిండిపదార్థం, కొవ్వు ఎక్కువైతే సీకంలో పులియడం దారి తప్పుతుంది. మజ్జిగలో పాల చక్కెర ఉంటుంది, గడ్డి తినే ఈ జంతువుకు అది పడదు. వాము మనకు వాయువును హరిస్తుంది, దీనికి మేలు చేస్తుందనడానికి ఆధారం లేదు. క్యాబేజీ, కాలీఫ్లవర్ గాలిని పుట్టిస్తాయి. పెంటికలు గట్టిపడేదాకా పచ్చి కూరలు, పండ్లు కూడా ఆపి, మంచి ఎండుగడ్డి, నీరు, అలవాటు ఉంటే కొద్దిగా పెల్లెట్లు (గుళికల్లా నొక్కి తయారుచేసిన మేత) మాత్రమే పెట్టండి.

మంచి ఎండుగడ్డి ఎక్కడ దొరుకుతుందని మీరు అడుగుతారు. బయటి నుంచి వచ్చే తిమోతి గడ్డి ఖరీదు. వరిగడ్డిలో ఇసుక లాంటి సిలికా ఎక్కువ, సత్తువ తక్కువ. గడ్డిమేటు అడుగున నల్లబడిన గడ్డి అయితే బూజుతో నిండి ఉంటుంది. దానిని పడకకు కూడా వాడకండి. మన డెల్టాలో అందరికీ అందుబాటులో ఉన్నది గరిక. పశువుల కోసం పెంచే గినీ గడ్డి కూడా బాగుంటుంది. (పేరు కలిసింది గాని గడ్డి ఆఫ్రికా నుంచి వచ్చింది, జంతువు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలది.) కంకి వేయకముందే లేతగా కోసి, పలచగా పరిచి, నీడలో గాలి తగిలేలా రెండు మూడు రోజులు ఆరబెడితే ఆకుపచ్చదనం, కమ్మటి వాసన నిలుస్తాయి. చేతిలో పట్టి నలిపితే గలగలమనాలి. చల్లగా, మెత్తగా తగిలితే ఇంకా తడి ఉన్నట్లే. వానాకాలంలో కోనసీమ గాలిలో ఆరిన గడ్డి కూడా తిరిగి చెమ్మగిల్లుతుంది కనుక, ఎండాకాలంలోనే కొంత సిద్ధం చేసి, గుడ్డ సంచుల్లో అటక మీద వేలాడదీయడం మేలు.

గడ్డి ఎక్కడ కోశారన్నది ఇంకా ముఖ్యం. సార్వా, దాళ్వా రెండు పంటల్లోనూ చేల గట్ల మీద గడ్డిమందు, పురుగుమందు పడుతూనే ఉంటుంది. గట్టు మీది గరిక ఎంత పచ్చగా కనిపించినా కోయకండి. వరద తీసిన తరువాత కాలువ గట్టున ఒండ్రు పట్టిన గడ్డి కూడా వద్దు. కడియం వైపు నర్సరీలున్న ఊళ్ళ వారు మొక్కలకు చల్లిన మందులను కూడా గుర్తుంచుకోవాలి. మీ పెరట్లో, కొబ్బరి చెట్ల నీడన ఒక సెంటు నేలలో గరిక పెంచుకుంటే బుజ్జికి ఏడాది పొడవునా సరిపోతుంది. వరి కోతల తరువాత చేలల్లో వేసే పిల్లిపెసర, జనుము పశువుల మేతలే అయినా దీనికి పనికిరావు. పచ్చి పిల్లిపెసర పొట్టను ఉబ్బిస్తుంది, జనుములో కాలేయానికి హాని చేసే పదార్థాలున్నాయి.

మరో లోటు విటమిన్ సి. మన లాగే గినీ పిగ్ కూడా దానిని ఒంట్లో తయారు చేసుకోలేదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు, జబ్బుగా ఉన్నప్పుడు 50 వరకు కావాలి. లోపిస్తే చిగుళ్ళ నుంచి రక్తం, కీళ్ళ వాపు, నొప్పి, తిండి మానడం, విరేచనం కూడా వస్తాయి. వేరే విటమిన్లు కలపని 500 మిల్లీగ్రాముల మాత్రను పొడి చేసి 10 మిల్లీలీటర్ల నీటిలో కలిపితే ఒక మిల్లీలీటరులో 50 మిల్లీగ్రాములు ఉంటాయి. మీ వైద్యుడు సరేనంటే ఆ ఒక్క మిల్లీలీటరును రోజూ నోటి పక్క నుంచి వేసి, మిగిలినది పారబోయండి, మరునాటికి నిలవదు. తాగే నీటి సీసాలో కలిపితే కొన్ని గంటల్లోనే సత్తువ పోతుంది. కడుపు కుదుటపడిన తరువాత కొత్తిమీర, క్యాప్సికం ముక్క, చిన్న జామ ముక్క కొద్దికొద్దిగా మొదలుపెట్టవచ్చు.

చివరగా, వంటింటి డిజిటల్ కాటా మీద ఒక గిన్నె పెట్టి, రోజూ ఒకే వేళకు బుజ్జిని తూచి క్యాలెండరులో రాయండి. బరువులో పదో వంతు, అంటే 900 గ్రాముల జంతువు 90 గ్రాములు తగ్గితే, పైకి ఎంత హుషారుగా కనిపించినా ఆ రోజే తీసుకెళ్ళాలి. ముసలి గినీ పిగ్ జబ్బును దాచిపెట్టడంలో దిట్ట, కాటాకు మాత్రం దొరికిపోతుంది. మీ ఊరి పశువైద్యుడికి ఇటువంటి జంతువులు అలవాటు లేకపోతే నొచ్చుకోకుండా అడిగి, చూసిన అనుభవం ఉన్నవారి దగ్గరికి పంపమనండి. గన్నవరంలోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాలను కూడా సంప్రదించవచ్చు.

ప్రశ్న: మా ఆడ గినీ పిగ్‌కు ఐదేళ్ళు. నిన్న సాయంత్రం నుంచి ఏమీ తినడం లేదు, పెంటికలు వేయడం లేదు. పొట్ట ఉబ్బి, పళ్ళు కొరుకుతూ మూలన కూర్చుంటోంది. రేపటిదాకా చూడవచ్చునా? – ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: చూడకూడదు. మీకు కూడా అదే రోజు ఫోనులో చెప్పాము. ఇటువంటి స్థితి ఎదురయ్యే ఇతరుల కోసం రాస్తున్నాను. గినీ పిగ్ వాంతి చేసుకోలేదు. పేగు కదలిక ఆగితే లోపలి గాలికి బయటపడే దారి ఉండదు. 12 గంటలు తినకపోతేనే ప్రమాదం మొదలవుతుంది, 24 గంటలు దాటితే కాలేయంలో కొవ్వు పేరుకోవడం ప్రారంభమవుతుంది. పళ్ళు కొరకడం నొప్పికి గుర్తు. వేలితో తట్టితే పొట్ట డప్పులా మోగుతూ, బిగుసుకుని ఉంటే నోటి ద్వారా ఏమీ బలవంతంగా పెట్టవద్దు. జీర్ణాశయం మెలిపడి ఉంటే ఆ తిండి ప్రాణం మీదికి తెస్తుంది. ఎక్స్‌రే తీసిన తరువాతనే పేగును కదిలించే మందు ఇవ్వాలా వద్దా అన్నది వైద్యుడు తేల్చగలడు. గుడ్డ చుట్టిన గోరువెచ్చని నీళ్ళ సీసాను పక్కన పెట్టి, గాలి ఆడే డబ్బాలో వెంటనే బయలుదేరండి. ఎండ వేళ అయితే సీసా అక్కరలేదు. 30 డిగ్రీలు దాటిన ఉక్కలో, బస్సులోనో మూసిన కారులోనో, వడదెబ్బే ముందు తగులుతుంది.

ప్రశ్న: పళ్ళు సరిచేయించిన తరువాత మా ఆరేళ్ళ గినీ పిగ్‌కు సిరంజితో తినిపించమని డాక్టరు చెప్పారు. అది తల తిప్పేస్తుంది, నాకు చేతులు వణుకుతున్నాయి. ఎలా చేయాలి? – ఒక పాఠకురాలు, రావులపాలెం

జవాబు: అమ్మా, చేతులు వణకడం సహజమే, రెండు రోజుల్లో అలవాటవుతుంది. దాని పెల్లెట్లను గోరువెచ్చని నీటిలో నానబెట్టి జావలా మెదపండి. వడకట్టకండి, వడకడితే దానికి అవసరమైన పీచు గుడ్డలోనే ఉండిపోతుంది. సిరంజి మూతి ఇరుకుగా ఉంటే చివర కొద్దిగా కోసి, గరుకు లేకుండా నున్నగా అరగదీయండి. తువ్వాలును దాని చుట్టూ మెడదాకా చుట్టి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వీపు మీ పొట్టకు ఆనేలా పట్టుకోండి. వెల్లకిలా మాత్రం తిప్పకూడదు, తిండి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు పళ్ళ వెనుక, పక్కగా ఖాళీ చోటు ఉంటుంది. అక్కడి నుంచి అర మిల్లీలీటరు వేసి ఆగండి. దవడ కదిలి, మింగిన తరువాతనే మరో అర మిల్లీలీటరు.

కిలో బరువు ఉన్న జంతువుకు రోజు మొత్తం మీద 50 నుంచి 60 మిల్లీలీటర్లు కావాలి. దానిని ఐదారు సార్లుగా పంచితే ఒక్కోసారికి 12 మిల్లీలీటర్లకు మించదు. రాత్రి పడుకునే ముందు ఒకసారి, వేకువన ఒకసారి తప్పకుండా ఉండాలి. పేగుకు మన నిద్రవేళలతో పని లేదు. పెట్టడం అయిపోగానే గడ్డం తుడవండి, లేకపోతే జావ ఎండి చర్మం పుండవుతుంది. తినిపించే ముందు ప్రతిసారీ నాలుగు గరిక పరకలు నోటి ముందు పట్టి చూడండి. మొదటి రోజు వాసన చూసి వదిలేస్తుంది. తరువాత ఒక పరకను పెదవులతో లాగి, సగం నమిలి పడేస్తుంది. అలా లాగడం మొదలుపెట్టినా జావ ఒక్కసారిగా మానకండి. తనంతట తాను గడ్డి తింటూ, బరువు నిలబడి, విడివిడిగా గట్టి పెంటికలు వరుసగా రెండు రోజులు కనిపించిన తరువాతనే సిరంజిని పక్కన పెట్టండి.